రెజైనా నగరము: వేసవి, శీతకాలము, ఇంధన వ్యయము

ఒక ప్రదేశమున వేసవి ఎట్లు గడచినదో చూచి, దాని వెనుక వచ్చు శీతకాలము ఎంత తీవ్రముగ నుండునో, ఆ చలిని కాచుకొనుటకు ఎంత ఇంధనము ఖర్చగునో ముందుగ చెప్పవచ్చునా అను ప్రశ్న కర్షకునకును, గృహస్థునకును, విద్యుత్సంస్థలను నడపువారికిని సమానముగ ఆసక్తి గలది. కెనడా దేశమునందలి సస్కాచెవాన్ రాష్ట్రమునకు రాజధానియగు రెజైనా నగరము ఈ ప్రశ్నను పరీక్షించుటకు మిక్కిలి అనువైన స్థలము. ఏలయనగా అచ్చట ఎండ కాచిననాడు నిండుగ కాయును, చలి పెట్టిననాడు ఎముకలు కొరుకునట్లు పెట్టును. ఆ చలి ఏటేట ఎంత యుండునను దానిపై ప్రతి గృహస్థుని గ్యాసు బిల్లును, రాష్ట్రపు విద్యుద్వ్యవస్థ యావత్తును ఆధారపడియున్నవి. శతాబ్దమునకు పైబడిన ఉష్ణోగ్రతా లేఖ్యములను, దీర్ఘకాలిక పూర్వానుమాన శాస్త్రమును కలిపి చూచినచో తేలునది ఇది: రెజైనా వేసవి రెజైనా శీతకాలమును గూర్చి చెప్పునది అత్యల్పము, వేల మైళ్ల దూరమున నున్న పసిఫిక్ మహాసముద్రపు వేసవి చెప్పునది అంతకంటె ఎక్కువ, ఇంధన వ్యయమును గూర్చి ఇంటి గోడలు చెప్పునది ఈ రెంటికంటెను ఎక్కువ.

రెజైనా నగరము ఉత్తర అక్షాంశము 50 డిగ్రీలకు కొంచెము పైగ, సముద్రమట్టమునకు సుమారు 577 మీటర్ల ఎత్తున, కనుచూపు మేర కొండ యన్నది లేని మైదానమున నున్నది. 1882లో కెనడియన్ పసిఫిక్ రైలుమార్గము వచ్చినప్పుడు ఈ ఊరు పుట్టినది. పడమట రాకీ పర్వతములు పసిఫిక్ సముద్రపు మెత్తని గాలిని అడ్డగించుచుండగా, ఉత్తరమున ఆర్కిటిక్ సముద్రము వరకు అడ్డగించునది ఏదియు లేదు. డిసెంబరు మాసపు చివరను సూర్యుడు మధ్యాహ్నవేళ కూడ దిఙ్మండలమునకు 16 డిగ్రీల ఎత్తునకు మించి ఎక్కడు. పగలు సుమారు ఎనిమిది గంటలు. జూన్ మాసమున అదే పగలు 16 గంటలకు మించును. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 15 డిగ్రీలు, జూలై సగటు సున్నకు ఎగువ సుమారు 19. ఈ సగటుల వెనుక దాగిన అంత్యములు మరింత విస్మయకరములు: 1885 జనవరి 1న అచ్చట సున్నకు దిగువ 50 డిగ్రీలు నమోదైనది, 1937 జూలై 5న 43.9 డిగ్రీలు. అనగా గుంటూరులో రోహిణి కార్తె నాటి ఎండయు, ధ్రువప్రాంతపు చలియు ఒకే ఊరి లెక్కల పుస్తకమున ప్రక్కప్రక్కన నున్నవన్నమాట. అదే 1937 జూలై 5న రెజైనాకు దక్షిణమున నున్న మిడేల్, యెల్లో గ్రాస్ గ్రామములలో 45 డిగ్రీలు నమోదై, ఎనుబది నాలుగు సంవత్సరముల పాటు కెనడా దేశమునకంతకు అదియే గరిష్ఠమై నిలిచినది.

ఇట్టి చలిలో బ్రదుకుటకు కావలసిన సాధనములు రెండు: సహజవాయువు, విద్యుత్తు. రెజైనా ఇండ్లలో బహుళముగ నేలమాళిగయందు గ్యాసు ఫర్నేసు ఉండును. అది కాచిన గాలిని పంకా ఒకటి గొట్టముల ద్వారా గదులకు త్రోయును. గ్యాసును సస్క్‌ఎనర్జీ, విద్యుత్తును సస్క్‌పవర్ సరఫరా చేయుచున్నవి. రెండును రాష్ట్ర ప్రభుత్వపు సంస్థలే, రెంటి ప్రధాన కార్యాలయములును రెజైనాయందే కలవు. ఇల్లు కాచునది ప్రధానముగ గ్యాసేయైనను, శీతకాలమున విద్యుత్తు వాడుకయు పెరుగును. ఫర్నేసు పంకాలు ఎడతెగక తిరుగును. సాయంకాలము నాలుగైదు గంటలకే దీపములు వెలుగును. వీటికి తోడు కార్ల బ్లాక్ హీటర్లు. సెప్టెంబరు మాసమున రెజైనా విశ్వవిద్యాలయమునకు చదువుకొన వచ్చిన తెలుగు విద్యార్థికి మొదట వింతగ తోచునది కార్ల ముందు జాలి నుండి వ్రేలాడు కరెంటు తీగ. కార్లు నిలుపు చోట్ల వరుసగ ప్లగ్గు స్తంభములెందుకో అతనికి డిసెంబరు వచ్చువరకు అర్థము కాదు. రాత్రి ఇంజనులోని నూనె గడ్డకట్టి ఉదయము బండి కదలకుండ పోవునని, ఇంజను దిమ్మెను చిన్న విద్యుత్ తాపకముతో కాచుటయే ఆ తీగ పని. బయలుదేరుటకు మూడు నాలుగు గంటల ముందు పెట్టిన చాలును, రాత్రియంతయు వృథాగ కాల్చవలదని విద్యుత్సంస్థ హితవు చెప్పుచుండును. ఒక్కొక్క తాపకము వాడునది కొన్ని వందల వాట్లే; ఊరంతయు ఒకేసారి పెట్టినచో అది చిన్న విషయము కాదు.

చలికిని ఇంధనమునకును గల సంబంధమును లెక్కకట్టుటకు తాపన డిగ్రీ-దినము అను కొలమానము వాడుకలో నున్నది. బయటి సగటు ఉష్ణోగ్రత 18 డిగ్రీలున్న దినమున ఇంటిని కాచవలసిన అవసరము లేదని భావించి, అంతకు ఎన్ని డిగ్రీలు తగ్గినచో ఆ దినమునకు అన్ని అంకెలు వేయుదురు. సగటు సున్నకు దిగువ 22 డిగ్రీలున్న ఒక జనవరి దినము 40 డిగ్రీ-దినములకు సమానము. ఇట్లు సంవత్సరమంతయు కూడినచో రెజైనాకు ఉరమరగా ఐదున్నర వేలకు పైబడి వచ్చును. పసిఫిక్ తీరమున నున్న వాంకూవరునకు దాదాపు దానిలో సగము. హైదరాబాదునకు ఈ లెక్క వేయుట నిరర్థకము. అచ్చట వేయవలసినది పంకా, ఏసీల లెక్క. ఒక ఇంటి గ్యాసు వినియోగము ఈ అంకెను ఇంచుమించు సరళరేఖగ అనుసరించును. కావున శీతకాలపు సగటు ఉష్ణోగ్రతను ముందుగ చెప్పగలిగినచో ఆ కాలపు గ్యాసు వ్యయమును గూడ చెప్పినట్లే. చిక్కంతయు ఆ మొదటి మెట్టునందే కలదు.

వేసవి తీవ్రమైనచో దానికి ప్రతిగా చలియు తీవ్రమగునని కొందరు, వేడి సంవత్సరము ఆద్యంతము వేడిగనే నడచునని మరికొందరు నమ్ముదురు. రెండును జనశ్రుతులే, పరస్పర విరుద్ధములు కూడ. కాబట్టి ఏటేట ఏదో యొకటి నిజమగుచు రెండు వర్గముల వారికిని తృప్తి కలుగుచుండును. ఇట్టి నమ్మకములను పల్లెటూరి అమాయకత్వమని త్రోసివేయరాదు. ఒక ఋతువు లక్షణములను చూచి ఇంకొక ఋతువును చెప్పు ప్రయత్నము మన దేశమున కడు ప్రాచీనము. వరాహమిహిరుడు బృహత్సంహితయందు మేఘములు గర్భము ధరించిన 195 దినములకు వర్షించునని లెక్క చెప్పినాడు. అనగా శీతకాలపు ఆకాశము వర్షకాలమునకు సూచన యని ఆయన మతము. ఆ సూత్రము ఫలించినదా లేదా అనునది వేరు. ఋతువునకు ఋతువునకు నడుమ నేదో లంకె యుండవలెనను ఊహ మాత్రము శాస్త్రమునకు వెలియైనది కాదు. ఆ లంకె ఎచ్చట నున్నదో కనుగొనుటయే కష్టము.

రెజైనా ఇటీవలి చరిత్ర నుండియే దీనిని చూడవచ్చును. 2021 వేసవిలో పశ్చిమ కెనడాను అపూర్వమైన వడగాలి ఆవరించినది. జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలోని లిటన్ గ్రామమున 49.6 డిగ్రీలు నమోదై మిడేల్, యెల్లో గ్రాస్‌ల పాత రికార్డును తుడిచివేసినది. సస్కాచెవాన్ పైరులు అనావృష్టికి మాడిపోయినవి. ఆ వెనుక వచ్చిన శీతకాలము కఠినమైనది. ఆ సంవత్సరము డిసెంబరు 30న రాష్ట్రపు విద్యుద్భారము 3,910 మెగావాట్లకు చేరి అప్పటికి సరికొత్త గరిష్ఠమును స్థాపించినది. వేసవి మండినచో చలి ముదురునని వాదించువారికి ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు. కాని రెండేండ్లు గడచినంతనే సాక్షి ఎదురు తిరిగినాడు. 2023లో మే, జూన్ మాసములు సస్కాచెవాన్‌లో అసాధారణముగ వేడెక్కినవి. దేశమంతట కార్చిచ్చులు చెలరేగి దాదాపు కోటిన్నర హెక్టారుల అడవి కాలినది. పొగ రెజైనా ఆకాశమును సైతము కప్పినది. దాని వెనుక వచ్చిన 2023-24 శీతకాలము, 1948 నుండి ఉన్న లేఖ్యములలో, కెనడా దేశము మొత్తమునకు అత్యంత వెచ్చనిదిగ నమోదైనది. రెండు వేసవులును మండినవే. రెండు శీతకాలములును ఒకదానికొకటి విరుద్ధములు. 1936వ సంవత్సరము మరియొక విధముగ ఉపదేశకరము. రెజైనాకు దక్షిణమున సరిహద్దు కావల నున్న నార్త్ డకోటా రాష్ట్రమున ఆ ఏడు ఫిబ్రవరి 15న పార్షల్ గ్రామమున సున్నకు దిగువ 51 డిగ్రీలును, జూలై 6న స్టీల్ గ్రామమున సున్నకు ఎగువ 49 డిగ్రీలును నమోదైనవి. ఆరు నెలలు తిరుగకమునుపే అటు కొస నుండి ఇటు కొసకు ఊగిన గాలి, తాను నిన్న ఎట్లున్నదో నేడు జ్ఞాపకముంచుకొనునని యెట్లు నమ్మగలము?

జ్ఞాపకమను మాటను ఇచ్చట అలంకారముగ గాక శాస్త్రార్థముననే వాడవలెను. గాలికి స్వతహాగ జ్ఞప్తి కొలది దినములే. ఆర్కిటిక్ నుండి దిగివచ్చిన శీతలవాయురాశి వారము పది దినములలో చెదరి పోవును. నేలకు కొంత ఎక్కువ: వేసవిలో ఎండిన నేల తడి లేక మరింత వేడెక్కి ఆ వేడిమిని పోషించును, కావుననే అనావృష్టి తానే తనను పెంచుకొనును. కాని ఆ ప్రభావము వారములలో, మహా యైనచో రెండు మూడు నెలలలో క్షీణించును. వేసవి తాపము మైదానపు మట్టిలో కొన్ని మీటర్ల లోతునకు మించి బలముగ చొరదు. నవంబరులో మంచు కప్పినంతనే పై గాలికిని నేలకును సంబంధము చాలవరకు తెగిపోవును. తెల్లని మంచు సూర్యకిరణములను త్రిప్పికొట్టుచు, దుప్పటివలె నేలను కప్పియుండగా, గాలి తన శైత్యమును తానే సమకూర్చుకొనును. సముద్రతీర నగరములకు సముద్రమే వేసవి వేడిమిని దాచి శీతకాలమున కొంచెము కొంచెముగ తిరిగి యిచ్చును. ఏ మహాసముద్రమునకును చేరువ కాని రెజైనాకు అట్టి భాండాగారము లేదు.

కాని దూరమున ఒకటి కలదు. దానిని కనుగొన్న కథకు తెలుగు దేశపు దుఃఖము మూలమనుట అతిశయోక్తి కాదు. 1876-78 నడుమ దక్షిణాపథమున వానలు తప్పి, ధాత కరువను పేర నేటికిని రాయలసీమ వృద్ధులు స్మరించు మహాక్షామము బళ్లారి, కర్నూలు, కడప మండలములను పాడుపెట్టినది. అప్పటికి నూతనముగ నేర్పడిన భారత వాతావరణ శాఖకు ఋతుపవనములను ముందుగ చెప్పవలెనను బాధ్యత ఈ క్షామము వలననే మీదపడినది. ఆ శాఖాధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో హిమాలయముల మంచునకును, వెనుక వచ్చు వర్షమునకును సంబంధమును చూపినాడు. 1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. వాతావరణ శాస్త్రమున పూర్వానుభవము లేనివాడు. అదియే ఆయనకు మేలు చేసినదేమో. సిద్ధాంతములను ప్రక్కకు నెట్టి, ప్రపంచపు నలుమూలల నుండి వచ్చిన పీడన, వర్ష, ఉష్ణోగ్రతల పట్టికలను గుమాస్తాల చేత గుణింపజేసి, ఏది దేనితో కలిసి హెచ్చితగ్గుచున్నదో వెదకినాడు. పసిఫిక్ తూర్పు భాగమున వాయుపీడనము హెచ్చినప్పుడు హిందూ మహాసముద్ర ప్రాంతమున తగ్గుననియు, ఇచ్చట హెచ్చినప్పుడు అచ్చట తగ్గుననియు కనుగొని, 1924లో ఆ ఊగులాటకు దక్షిణ డోలనమని పేరిడినాడు. భారతదేశపు వానల కొరకు వెదకినవానికి చేతికి చిక్కినది లోకమంతటి ఋతువులకు సంబంధించిన తీగ. ఈ డోలనము ఒక వైపునకు మొగ్గిన సంవత్సరములలో పశ్చిమ కెనడా శీతకాలములు మెత్తగ నుండునని గూడ ఆయనయే గమనించినాడు! ఇంత దూరపు ప్రదేశముల వాతావరణములకు లంకె కట్టుట అసంగతమని సమకాలికులు అచ్చులోనే ఆక్షేపించిరి. కారణము చెప్పలేకపోవుట వాకర్ లోపము. సంబంధము మాత్రము నిజమైనది. 1969లో జేకబ్ బియర్క్‌నెస్ ఆ పీడన డోలనమును ఎల్ నినో యను పసిఫిక్ జలముల వేడిమితో కలిపి వివరించి, ఉష్ణమండలపు పసిఫిక్‌పై తూర్పు పడమరలుగ తిరుగు గాలిచక్రమునకు వాకర్ పేరు పెట్టెను.

ఎల్ నినో సంవత్సరములలో భూమధ్యరేఖ వద్ద పసిఫిక్ తూర్పు, మధ్యభాగముల జలము సాధారణము కంటె వేడెక్కును; దానిపై లేచిన మేఘములు తమ తాపమును ఆకాశపు పై పొరలకు చేర్చి, అచ్చటి గాలులను వంచి, ఉత్తర అమెరికాపై జెట్ ప్రవాహపు మార్గమును మార్చును. అప్పుడు పశ్చిమ కెనడాపై పసిఫిక్ గాలి ఆధిక్యము వహించి ఆర్కిటిక్ గాలిని ఉత్తరమునకు నెట్టివేయును. 1997-98లో జరిగినది అదియే, 2023-24లోను అదియే. ఆ జలము చల్లబడినచో అది లా నినా. అప్పుడు తలుపు తెరచినట్లు ధ్రువపు గాలి మైదానములపైకి దిగును. 2021-22 శీతకాలము లా నినా కాలమే. 1988 అనావృష్టి వేసవి వెనుక వచ్చిన శీతకాలమును బలమైన లా నినాయే నడిపినది. ఆ ఫిబ్రవరి ఆదిని ఆర్కిటిక్ చలి పశ్చిమ కెనడానంతను ముంచినది. కాబట్టి 2021, 2023 వేసవుల సాక్ష్యములు పొసగకపోవుటకు కారణము ఇప్పుడు స్పష్టము: రెజైనా థర్మామీటరు రెండుమార్లును ఒక్క విధముగనే చూపినను, పసిఫిక్ జలములు వేర్వేరు విధములుగ చూపినవి. వసంతమున సముద్రపు మొగ్గు ఎటు పోవునో చెప్పుట దుష్కరము. జూన్ దాటి ఆగస్టు వచ్చుసరికి ఆ మొగ్గు చాలవరకు తేలి, శీతకాలాంతము వరకు నిలుచును. ఆ అర్థమున, వేసవియే శీతకాలమునకు సూచన యనుట తప్పు కాదు. చూడవలసిన వేసవి మాత్రము వేరొకచోటిది.

ఈ సూచన యైనను నిశ్చయము కాదు. సైబీరియాపై శరత్కాలపు మంచు, ధ్రువముపై స్ట్రాటోస్ఫియరులో గాలులు హఠాత్తుగ వేడెక్కుట, ఆర్కిటిక్ డోలనము మున్నగునవి కొన్ని వారములలోనే లెక్కను తారుమారు చేయగలవు. అందుచేతనే కెనడా వాతావరణ శాఖ 2011 నుండి నడపుచున్న ఋతు పూర్వానుమాన పద్ధతిలో రాబోవు శీతకాలము ఇన్ని డిగ్రీలుండునని చెప్పరు. సాధారణమునకు ఎగువనా, దిగువనా, నడుమనా అను మూడు పాళ్లలో దేనికెంత అవకాశమో మాత్రమే ప్రకటింతురు. నూటికి ముప్పదిమూడు పాళ్ల అవకాశము నలువది, యేబదియైనచో అది పెద్ద వార్త. పత్రికలలో చదువరి ఆశించు జోస్యమునకును, శాస్త్రము చెప్పగల మాటకును ఇంత వ్యత్యాసమున్నది.

గణాంకములతో వ్యవహరించువారు జాగ్రత్త వహింపవలసిన మరియొక విషయము కలదు. 1948 నుండి 2016 వరకు కెనడా సగటు ఉష్ణోగ్రత 1.7 డిగ్రీలు పెరిగినదనియు, అందు శీతకాలపు పెరుగుదల 3.3 డిగ్రీలనియు ప్రభుత్వ నివేదిక తేల్చినది. ఇట్లు వేసవియు శీతకాలమును రెండును మెట్టు మెట్టుగ పైకెక్కుచుండగా, పాత సంవత్సరములను క్రొత్త సంవత్సరములను ఒకే పట్టికలో చేర్చి లెక్కించినచో, వేడి వేసవుల వెనుక వెచ్చని శీతకాలములు వచ్చుచున్నట్లు సంఖ్యలు చూపును. అది ఒకదాని వలన ఒకటి కలుగుట కాదు. రెండును ఒకే ప్రవాహమున తేలిపోవుట. ఆ దీర్ఘకాలపు పెరుగుదలను ముందుగ తీసివేసి చూచినచో, మిగులు సంబంధము సన్నగిలిపోవును.

ఇంతవరకు చెప్పినది సగటును గూర్చి. విద్యుత్సంస్థ ఇంజనీరునకు నిద్ర పట్టనీయనిది సగటు కాదు, ఒక రాత్రి. పైన చెప్పిన 2023-24 శీతకాలము దేశపు లేఖ్యములలో అత్యంత వెచ్చనిదే. అయినను ఆ జనవరి రెండవ వారమున ఆర్కిటిక్ గాలి మైదానములపై విరుచుకొనిపడి, సస్కాచెవాన్‌లో ఉష్ణోగ్రతలు సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటినవి. జనవరి 13 సాయంకాలము పొరుగున నున్న ఆల్బర్టాలో విద్యుత్తు చాలక, అనవసర దీపములార్పుడని ప్రజల సెల్‌ఫోనులకు అత్యవసర సందేశములు పంపవలసి వచ్చినది. సస్కాచెవాన్ కొంత విద్యుత్తును ఆల్బర్టాకు పంపినది. ఎల్ నినోను చూచి ఈ శీతకాలము మెత్తనిదని ముందుగ చెప్పినవాడు సత్యమే చెప్పినాడు. ఆ మాట నమ్మి ఒక విద్యుత్కేంద్రమును మూసినవాడు మాత్రము మునిగియుండును. ఈ కారణముననే ఇండ్ల ఫర్నేసులకు పరిమాణము నిర్ణయించుటకు ఏ పూర్వానుమానమును చూడరు. జనవరి గంటలలో నూటికి రెండున్నర మాత్రమే ఏ ఉష్ణోగ్రతకంటె చల్లగ నుండునో దానిని లెక్కించి వాడుదురు. జాతీయ భవన నియమావళిలో రెజైనాకు ఆ అంకె సున్నకు దిగువ 34 డిగ్రీలు. గ్యాసు విషయమున వెసులుబాటు ఎక్కువ. గ్యాసును వేసవిలో ఉప్పుపొరలలో తొలిచిన భూగర్భ గుహలలోనికి ఎక్కించి నిలువచేసి శీతకాలమున తోడుకొనవచ్చును, కరెంటును అంత పెద్ద యెత్తున నెలల తరబడి అట్లు దాచుట సాధ్యము కాదు. బొగ్గు రైళ్లపై ఆధారపడిన నాళ్లలో గండము వేరు విధము. 1947 జనవరి చివరి నుండి పది దినముల పాటు వీచిన మంచుతుఫానులో రెజైనాకు వచ్చు రహదారులన్నియు మూతపడినవి, రైళ్లు మంచుదిబ్బలలో కూరుకొనిపోయినవి. ఆనాడు ప్రజలను బాధించినది ఎంత చలి యనుదానికంటె, దారి ఎప్పుడు తెరచుకొనునను చింతయే.

అయినను రెజైనా ప్రాంతపు వేసవికి శీతకాలపు ఇంధనముతో సంబంధమే లేదనుట సరికాదు. ఆ సంబంధము ఉష్ణోగ్రత మూలమున కాక నీటి మూలమున వచ్చును. రాకీ పర్వతముల మంచు కరగి వేసవిలో పారు దక్షిణ సస్కాచెవాన్ నదిని 1967లో పూర్తియైన గార్డినర్ ఆనకట్ట నిలువరించి డీఫెన్‌బేకర్ సరస్సును నింపుచున్నది. అచ్చటి 186 మెగావాట్ల కోటో క్రీక్ జలవిద్యుత్కేంద్రము శీతకాలపు గరిష్ఠభారమునకు సాయపడును. పర్వతములలో మంచు తగ్గి, వేసవిలో వానలు లేక నది చిక్కినచో, ఆ లోటును గ్యాసు కేంద్రములు పూరింపవలెను. ఇట్లే కోతల నాటి వాతావరణము. 2019 శరత్కాలమువలె వానలు ముసురుపట్టి ధాన్యము తడిసినచో, ప్రెయరీ కర్షకులు గోధుమను, కనోలాను యంత్రములలో ఆరబెట్టుటకు గ్యాసును, ప్రొపేనును విరివిగ కాల్చవలసి వచ్చును. చలి రాకముందే ఇంధనపు గిరాకి పెరుగును. రెజైనా క్రింది బంకమన్ను పూర్వము హిమానీ సరస్సు అడుగున పేరుకొన్నది. మన నల్లరేగడివలె తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. ఎండ వేసవి తరువాత ఆ కదలికకు నగరపు మంచినీటి గొట్టములు పగులుచుండును. ఇవి శీతకాలపు చలిని చెప్పు సూచనలు కావు గాని, శీతకాలపు ఖర్చును చెప్పు సూచనలు.

వ్యయమును నిర్ణయించు చివరి అంశము, నా అభిప్రాయమున అన్నింటికంటె గట్టిది, ఇల్లు. ఒక చలికాలమునకును మరియొక చలికాలమునకును డిగ్రీ-దినములలో భేదము సాధారణముగ పదింట ఒకటి రెండు పాళ్లు. ఒక ఇంటికిని మరియొక ఇంటికిని భేదము అనేక రెట్లు కావచ్చును. దీనికి లోకప్రసిద్ధమైన నిదర్శనము రెజైనాయందే కలదు. 1970 దశాబ్దిలో చమురు ధరలు మండిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వము సస్కాచెవాన్ పరిశోధన మండలిని అచ్చటి వాతావరణమునకు తగిన సౌరగృహమును నిర్మింపుమని కోరినది. హెరాల్డ్ ఆర్, రాబ్ డ్యూమాంట్, రాబర్ట్ బేసెంట్, డేవ్ ఐర్ మున్నగువారు లెక్కలు కట్టి చూడగా, డిసెంబరులో ఎనిమిది గంటల పగటిలో, 16 డిగ్రీల ఎత్తున వ్రేలాడు సూర్యునిపై ఆధారపడుట కంటె, లోపల నున్న వేడిని బయటికి పోనీయకుండుట చవుకయని తేలినది. 1977లో వాల్ష్ ఎకర్స్ పేటలో లేచిన ఆ ఇంటికి సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్ అని పేరు. సాధారణ గృహముల కంటె అనేక రెట్లు దట్టముగ నిరోధకపదార్థము కూర్చిన 30 సెంటీమీటర్ల మందపు జంటగోడలు. అంతకంటె దట్టమైన పైకప్పు. గాలి చొరకుండ అతుకులు మూసిన ప్లాస్టిక్ పొర. బయటికి పోవు చెడుగాలి వేడిని లోనికి వచ్చు మంచిగాలికి అప్పగించు ఉష్ణవినిమయ యంత్రము. పీడన పరీక్షలో ఆ ఇంటిలోని గాలి గంటకు 0.8 మార్లు మాత్రమే మారినది. ఆ కాలపు ఇండ్లలో అది ఎన్నో రెట్లు అధికము. ఫర్నేసు అక్కరలేదు. చూడవచ్చిన జనము వేలలో నుండిరి, అనుకరించిన ఇల్లుకట్టువారు మాత్రము ఆరంభమున బహు కొద్దిమంది. ప్రభుత్వము ఆజ్ఞాపించినందున పెట్టిన సౌరఫలకములును, పెద్ద నీటితొట్టియు ఖర్చునకు, మరమ్మతులకు గురియై కొన్నాళ్లకు తొలగింపబడినవి, గోడలు నిలిచినవి. ఆ గోడల పాఠమును జర్మనీలో వుల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అందుకొని, 1991లో డార్మ్‌స్టాట్ నగరమున నాలుగు ఇండ్ల వరుసను కట్టించి, పాసివ్‌హౌస్ అను ప్రమాణమును నెలకొల్పెను. అందు గాలి మార్పిడికి విధించిన పరిమితి గంటకు 0.6.